ఏడో ప్రశ్న పక్కన టిక్కు

మా బాబాయి కూర్చుని టీ తాగడం నేను ఎన్నడూ చూడలేదు. పోయినేడాది వరకు చూడలేదు. కప్పు పట్టుకుని ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళి ఒక గుక్క, మళ్ళీ నా బల్ల దాకా వచ్చి ఇంకో గుక్క. ఆ గదేమో పట్టుమని పది అడుగులు లేదు. "కాళ్ళకి చక్రాలు కట్టించుకుని పుట్టాడే మీ బాబాయి" అని పిన్ని విసుక్కునేది. ఆ మాట వీధిలో ఎవరి చెవిన పడిందో, అందరూ ఆయన్ని చక్రంగారు అనడం మొదలుపెట్టారు. ముఖం మీదే అనేవారు. ఆయనా పలికేవాడు.

ఇరవై ఆరేళ్ళు ఇన్సూరెన్సు ఏజెంటుగా చేశాడు. అంతకు ముందు మంటలార్పే సిలిండర్లు అమ్మేవాడు. షాపుల వాళ్ళు సిలిండరు వద్దన్నప్పుడల్లా, "వీళ్ళకి భయం లేక కాదు, భయపడే తీరిక లేక" అనిపించేదట. ఆ తీరిక నేనే కల్పిద్దామని పాలసీలు అమ్మడానికి దిగానని చెప్పి నవ్వేవాడు. ఆ నవ్వు పూర్తయ్యేలోపు చెప్పులు వేసుకుని వీధిలో ఉండేవాడు.

నాకు ఆరేళ్ళప్పుడు నాన్న పోయాడు. అమ్మ అంతకు ముందే లేదు. బాబాయి వచ్చి ఒక చేత్తో నా పుస్తకాల సంచీ, ఒక చేత్తో నన్ను పట్టుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. ఆయన నడుస్తుంటే నేను పరిగెత్తాల్సి వచ్చింది. చదువయ్యాక తన ఆఫీసులోనే కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, "తిరగడం నా పని, కూచోడం నీ పని. నాకు చేతకానిది నువ్వు చెయ్యి" అన్నాడు. కూర్చోడం నాకూ అంతగా చేతకాదు. కుర్చీలో ఒళ్ళు కదలదు గానీ లోపల కుదురుండదు. నాకు ఓపిక తక్కువ, ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. తర్వాత చెప్పబోయేదంతా దానివల్లే వచ్చింది.

నాలుగేళ్ళ కిందట కంపెనీ వాళ్ళు ఏజెంట్లందర్నీ పిలిచి ఒక రోజంతా కొత్త పాలసీ గురించి పాఠం చెప్పారు. హ్యాకర్లు చొరబడి వ్యాపారాల కంప్యూటర్లు స్తంభింపజేస్తే, అందులో ఉన్న జనం వివరాలు బయటపెడితే, ఆ నష్టానికి బీమా. మిగతా ఏజెంట్లు భోజనం కాగానే జారుకున్నారట. బాబాయి మాత్రం హాల్లో వెనక గోడకి ఆనుకుని నిలబడి చివరిదాకా విన్నాడు. సాయంత్రం ఆఫీసుకి రొప్పుతూ వచ్చాడు.

"ఒసేయ్ అమ్మడూ, ఇన్నాళ్ళూ మనం తలుపులకీ గోడలకీ బీమా చేస్తూ కూచున్నాం. దొంగ తలుపులోంచి రావడం మానేసి ఎన్నాళ్ళయిందో మనకి తెలీనే తెలీదు" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి షాపు షాపూ తిరిగాడు. ఆయన చెప్పే తీరు నాకు నోటికొచ్చేసింది. "దీనికి రెండు జేబులండీ. మొదటి జేబు మీ నష్టానికి. కంప్యూటర్లు బాగుచేసే నిపుణుల్ని పిలవాలి, పోయిన ఫైళ్ళు రాబట్టాలి, షాపు మూతపడ్డ రోజుల రాబడి పోతుంది, అవన్నీ ఇందులోంచి. రెండో జేబు మీవల్ల పైవాళ్ళకి జరిగిన నష్టానికి. మిమ్మల్ని నమ్మి వాళ్ళ ఫోన్ నంబర్లూ వివరాలూ ఇచ్చారు కదా, అవి బయటపడి వాళ్ళు మీమీద కేసేస్తే లాయరు ఖర్చు, పరిహారం రెండో జేబులోంచి." ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు, "నాకు ఆల్రెడీ అగ్నిప్రమాదం పాలసీ ఉందిగా, అందులో రాదా?" అని. "అందులో డబ్బులు రావాలంటే మంట కనబడాలండీ. ఇక్కడ కాలిపోతుంటుంది గానీ మంట కనబడదు" అనేవాడు. ఆ మాట పడ్డాక అవతలివాడు కుర్చీలో సర్దుకుని కూర్చునేవాడు.

చిక్కల్లా ఫారంతో వచ్చింది. ఆ పాలసీ ఫారంలో ఇరవై మూడు ప్రశ్నలుంటాయి. ప్రతి ఉద్యోగికీ వేరే పాస్‌వర్డు ఉందా? మానేసినవాళ్ళ పాస్‌వర్డులు తీసేస్తున్నారా? డబ్బు పంపమని మెయిలొస్తే ఫోన్ చేసి నిర్ధారించుకుంటారా? ఇలాంటివి. ఐదో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి వ్యాపారస్తుడి ముఖం మాడిపోయేది. పదో ప్రశ్నకి, "ఇన్ని ఉంటే నాకు మీ పాలసీ ఎందుకయ్యా?" అనేవాడు. పదిహేనో ప్రశ్నకి ఫోనొచ్చిందని లేచి వెళ్ళిపోయేవాడు.

మా వృత్తిలో అందుకో ఉపాయం ఉంది. అది బాబాయి కనిపెట్టింది కాదు, అందరూ చేసేదే. ముందు చివరి పేజీ తీసి సంతకం పెట్టించుకుంటారు. ఆ తర్వాత పిల్లల చదువుల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడి వచ్చేస్తారు. ప్రశ్నల పక్కన టిక్కులు ఆఫీసులో పెడతారు. అగ్నిప్రమాదం ఫారాలకి ఇన్నేళ్ళూ అలాగే చేశారు, ఏ ఇబ్బందీ రాలేదు. గోడలు సిమెంటువా కావా అన్నది వీధిలోంచి చూస్తేనే తెలుస్తుంది. ఈ కొత్త ఫారంలో ప్రశ్నలు వీధిలోంచి కనబడేవి కావు. అక్కడ పెట్టే ప్రతి టిక్కూ కంపెనీకి ఇచ్చే మాట. ఆ తేడా బాబాయికి తెలుసు. నాకు తెలియదని కాదు, పట్టించుకోలేదు.

ఇప్పుడు ల్యాబత్త సంగతి చెప్పాలి. మా వీధికి రెండు మలుపుల అవతల రక్తపరీక్షల ల్యాబు ఆవిడది. పెద్దాసుపత్రిలో పదిహేనేళ్ళు పనిచేసి, అక్కడి పెద్ద డాక్టరుతో మాటా మాటా వచ్చి బయటికొచ్చి, ఇంటి ముందుగదిలో రెండు యంత్రాలతో ల్యాబు మొదలుపెట్టింది. ఇప్పుడు ఆరుగురు పనిచేస్తున్నారు. మొదటి యంత్రానికి పాలసీ చేసింది బాబాయే. ఆవిడ ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది, ఆయన చెల్లెమ్మా అనేవాడు. ఆ వరసన నాకు అత్తయింది. తోబుట్టువులు లేని మనిషి కాబట్టి ఆ పిలుపుని ఆవిడ ఉత్తుత్తిగా తీసుకోలేదు. ఆవిడకి జ్వరమొస్తే మా పిన్ని వెళ్ళేది.

"నీ దగ్గరున్నది రక్తం కాదు చెల్లెమ్మా, జనం రహస్యాలు" అన్నాడు బాబాయి కొత్త పాలసీ గురించి చెబుతూ. ఆవిడ ఇంకో ప్రశ్న వెయ్యకుండా చివరి పేజీ మీద సంతకం పెట్టేసింది.

ఆ ఫారం నా బల్ల మీదికొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మొత్తం తొమ్మిది ఫారాలు. కొరియరు నాలుగింటికి వస్తాడు, మూడుంపావయింది. ల్యాబత్త ఫారానికి బాబాయి ఒక చీటీ గుచ్చాడు. "ఏడోది ఫోన్ చేసి అడిగి రాయి. మిగతావి నేను చూసొచ్చాను, ఉన్నాయి" అని అందులో ఉంది. ఏడో ప్రశ్న ఇది: మీ ఫైళ్ళ నకలు ఒకటి, రోజూ వాడే కంప్యూటర్లతో ఏ సంబంధం లేకుండా విడిగా ఉంచుతున్నారా?

ఫోన్ చేశాను. ఎంగేజ్ వచ్చింది. మళ్ళీ చెయ్యలేదు. బ్యాకప్ లేకుండా ల్యాబు నడుపుతారా ఎవరైనా అనుకుని, ఇరవై మూడింటికీ "అవును" గళ్ళో పైనుంచి కిందికి టిక్కులు పెట్టుకుంటూ పోయాను. అర నిమిషం పట్టింది. చీటీ నలిపి చెత్తబుట్టలో పడేశాను. బాబాయి వచ్చి "అడిగావా?" అంటే "ఆ" అన్నాను.

బ్యాకప్ ఉంది, లేకపోలేదు. ఒక నల్లటి హార్డ్‌డిస్క్ డబ్బా. కానీ అది పొద్దస్తమానం కంప్యూటరుకే తగిలించి ఉండేది. నేను గనక ఆ రోజు, "అత్తా, ఆ డబ్బా విడిగా తీసి పెడుతున్నారా?" అని అడిగి ఉంటే ఆవిడ, "అయ్యో, తియ్యాలా?" అని అప్పుడే పీకి బీరువాలో పెట్టేది. అలాంటి మనిషి. ఒక్క ఫోను.

ఏడు నెలల తర్వాత ఒక సోమవారం పొద్దున్న ల్యాబులో కంప్యూటర్లన్నిటి మీదా ఒకటే ఎర్ర గీతల బొమ్మ, డబ్బు కడితేనే ఫైళ్ళు వదులుతామని హ్యాకర్ల బెదిరింపు. కంప్యూటరుకే తగిలించి ఉండటంతో డబ్బాలో ఉన్న నకలు కూడా తెరుచుకోలేదు. బాబాయి పరుగున వెళ్ళాడు. పాలసీ మీదున్న నంబరుకి ఫోన్ చేసి, కంపెనీ నిపుణుల్ని మధ్యాహ్నానికల్లా రప్పించాడు. అంతవరకు అంతా సవ్యంగానే నడిచింది. డబ్బు రాకపోయేసరికి గురువారం నుంచి హ్యాకర్లు రిపోర్టులు బయటపెట్టారు. దూరప్రయాణాల బస్సు నడిపే డ్రైవరు చక్కెర లెక్కలు అతని యజమాని ఫోనుకి వెళ్ళాయి, అతన్ని పనిలోంచి ఆపేశారు. కడుపుతో ఉన్న సంగతి ఇంకా మొగుడికే చెప్పని ఒకావిడ రిపోర్టు వాళ్ళత్తగారి ఫోనుకి వెళ్ళింది. రెండు వారాల్లో పదకొండు లాయరు నోటీసులు వచ్చాయి. ల్యాబు తలుపు ముందు నిలబడి జనం తిట్టిపోశారు. పేరు పెట్టి తిట్టారు.

"రెండో జేబుందిగా చెల్లెమ్మా, నువ్వు గుండె చిక్కబట్టుకో" అన్నాడు బాబాయి.

ఆ రెండో జేబు మీదికే కంపెనీ ఉత్తరం వచ్చింది. ఏడో ప్రశ్నకి మీరిచ్చిన జవాబు నిజం కాదు, జవాబు తప్పయితే పాలసీ మొదటి నుంచీ చెల్లదు, పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి అని. ఆవిడ ఉత్తరం పట్టుకుని మా ఆఫీసుకొచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏడో ప్రశ్నేంటి అన్నయ్యా? నన్నెవరడిగారు?"

బాబాయి నా వైపు చూశాడు. నా చూపు చెత్తబుట్ట మీదికి పోయింది. అంతే, ఆయనకి అర్థమైపోయింది. "నేను కనుక్కుంటాలే, నువ్వెళ్ళు" అని ఆవిడని పంపేశాడు. ఆవిడ వెళ్ళాక గదిలో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి, "చీటీ పెట్టానుగా" అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

ఆ పదిహేను రోజులు మా ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. బాబాయి కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. కంపెనీ ఆఫీసుకి నాలుగుసార్లు వెళ్ళొచ్చాడు. తెలిసినవాళ్ళని అడిగి ఒక సంగతి తెలుసుకున్నాడు. కస్టమరు అబద్ధం చెబితే పాలసీ చెల్లదు. కస్టమర్ని అడక్కుండా ఏజెంటు ఆఫీసులోనే టిక్కు పెట్టేశారని తేలితే, అది కంపెనీ తరఫు మనిషి చేసిన తప్పు అవుతుంది, కాబట్టి కంపెనీ డబ్బు కట్టాలి. తర్వాత ఆ తప్పు చేసిన వాళ్ళ పని పడుతుంది. నన్నడగలేదని ల్యాబత్త ఎంత మొత్తుకున్నా చాలదు, కింద ఆవిడ సంతకం ఉంది. మా వైపు నుంచి ఎవరో ఒకరు ఒప్పుకోవాలి.

ఎవరు ఒప్పుకోవాలో నాకు తెలుసు. నేను ఒప్పుకుంటే బాబాయికి గట్టి హెచ్చరికతో సరిపోయేది. అడిగి రాయమని ఆయన చెప్పాడు, నేను వినలేదు, అంతే. కానీ నేను ఏజెంటు పరీక్ష పాసై అప్పటికి నెల. నా సొంత లైసెన్సు కాగితాలు అదే కంపెనీలో, అదే అంతస్తులో ఉన్నాయి. ఆ వారమో, పై వారమో రావాలి. ఒప్పుకున్నానంటే నాకిక జన్మలో లైసెన్సు రాదు. రోజూ పొద్దున లేవగానే, ఇవాళ బాబాయితో చెప్పేస్తాను, నేనే వెళ్తానంటాను అనుకునేదాన్ని. ఆయన స్నానం చేసి వచ్చేసరికి ఆ ధైర్యం జారిపోయేది. ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చునే, ఆఫీసులో మిగతా ఫారాలు నింపాను. ఈసారి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మరీ అడిగాను. ఏం లాభం?

పదమూడో రోజున కంపెనీ వాళ్ళు మా ఇద్దర్నీ పిలిచారు. మూడో అంతస్తులో అద్దాల గది. దర్యాప్తు చేసే అధికారిణికి మా పిన్ని వయసుంటుంది, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. ఆవిడ ముందు ల్యాబత్త ఫారం ఉంది. ల్యాబత్తని అంతకు ముందే అడిగి పంపేశారు. బాబాయిని కూర్చోమంటే కూర్చోలేదు, కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఈ టిక్కులు ఎవరు పెట్టారండీ?"

"నేనేనండి."

"కస్టమర్ని అడిగే పెట్టారా?"

"లేదండి. సంతకం తీసుకొచ్చి ఆఫీసులో పెట్టేశా. ఏడో ప్రశ్న ఆవిడ కళ్ళతో కూడా చూడలేదు."

అధికారిణి కలం ఆపి నా వైపు తిరిగింది. "ఆఫీసులో ఫారాలు మీరు నింపుతారని విన్నానే?"

నేను నోరు తెరిచేలోపు బాబాయి అందుకున్నాడు. "అది టైపు చేసి కవర్లో పెడుతుందండీ, అంతవరకే."

"అంతేనా అమ్మా?" అంది ఆవిడ నన్నే చూస్తూ.

బాబాయి కిటికీలోంచి కిందికి చూస్తున్నాడు. వెనక నుంచి ఆయన మెడ మీద చెమట కనిపించింది. ఇరవై మూడు అవునులు పెన్నుతో పెట్టాను. ఇరవై నాలుగోది నోటితో పెట్టాను.

"అవునండి" అన్నాను.

కంపెనీ డబ్బు కట్టింది. పదకొండు మందికీ పరిహారం ముట్టింది. బస్సు డ్రైవరు వేరేచోట పనిలో చేరాడని విన్నాను. ల్యాబు తెరుచుకుంది, ఆరుగురూ పనిలోనే ఉన్నారు. అదే నెలలో బాబాయి లైసెన్సు రద్దు చేస్తున్నట్టు ఒక కవరు, నాకు లైసెన్సు మంజూరు చేస్తున్నట్టు ఇంకో కవరు వచ్చాయి. రెండూ ఒకే రోజు. పోస్టుమాను రెండింటికీ నా చేతే సంతకం పెట్టించుకున్నాడు. ఆఫీసు బోర్డు మీద ఆయన పేరు తుడిచి నా పేరు రాయించారు. రంగులవాడి పక్కన నిలబడి అక్షరాలు వంకరపోతున్నాయని వాణ్ణి సతాయించింది బాబాయే.

అన్నిటికంటే నన్ను కోసింది ల్యాబత్త వచ్చిన రోజు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అన్నయ్యా అని పిలిచాను కదండీ మిమ్మల్ని" అంది. అంతవరకు ఆవిడ నోట ఆయనకి మీరు అన్న మాట రాలేదు. "ఒక్క ఫోను చేసి అడగలేకపోయారా? నా గుమ్మం ముందు జనం ఏమేం తిట్టారో మీరూ విన్నారుగా?"

"పొరపాటైపోయిందమ్మా" అన్నాడు బాబాయి.

నేను అక్కడే బల్ల వెనక కూర్చుని ఉన్నాను.

ఆ రోజుతో ఆయన తిరగడం ఆగిపోయింది. పొద్దున ముందుగదిలో కుర్చీలో కూర్చుని టీ తాగుతాడు. కప్పు అయిపోయినా కూర్చునే ఉంటాడు. "ఇన్నాళ్ళూ ఒక్కచోట ఉండరా బాబూ అని మొత్తుకున్నా. ఇప్పుడు లేవరా బాబూ అని మొత్తుకుంటున్నా" అంటుంది పిన్ని. ఆవిడకి నిజం తెలియదు. వయసు మీద పడ్డాక కూడా జాగ్రత్త తెలియదేం అని ఆయన్ని ఏడాది పొడుగునా సాధించింది. ఆయన ఆ మాటలు పడ్డాడు. నేను అన్నం తింటూ విన్నాను.

ఆయన కూర్చుంటే నేను తిరగడం మొదలుపెట్టాను. ఫారం పట్టుకుని వెళ్ళడం, ఒక్కో ప్రశ్నా చదివి వినిపించడం, లేదంటే లేదనే రాయడం. కొందరు విసుక్కుని వేరే ఏజెంటు దగ్గరికి పోయారు. ల్యాబత్త దగ్గరికైతే నెలకోసారి వెళ్ళేదాన్ని. ఆ నల్ల డబ్బా పీకి బీరువాలో ఉందో లేదో నా కళ్ళతో చూసుకుంటే తప్ప నాకు ఆ నెల గడిచేది కాదు. ఆవిడ దాన్ని నా శ్రద్ధ అనుకుంది.

మొన్న పాలసీ మళ్ళీ కట్టాల్సిన సమయం వచ్చింది. మర్నాటితో గడువు. ఈసారి ఫారంలో ముప్పై ఒక్క ప్రశ్నలు. ఇద్దరం యంత్రాల పక్కన చిన్న బల్ల దగ్గర కూర్చుని ఆరు దాకా వచ్చాం. ఏడోది చదవబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఏడాదిగా చూస్తున్నానే. నువ్వు మీ బాబాయిలా కాదు. అడిగి, విని, అప్పుడు రాస్తావు. ఆ మనిషికి నా మీద అభిమానం ఉందనుకున్నా. అభిమానం ఉన్నవాడు అలా కళ్ళు మూసుకుని టిక్కులు పెడతాడా?"

అరికాళ్ళ మంట నెత్తికెక్కింది. ఆవిడ మీద కాదు.

"ఆ టిక్కులు నావత్తా" అన్నాను.

ఆవిడ చెయ్యి తీసేసింది. నేను మొత్తం చెప్పాను. కొరియరు, ఎంగేజ్ వచ్చిన ఫోను, చీటీ, చెత్తబుట్ట, అద్దాల గది. అంతా చెప్పడానికి మూడు నిమిషాలు పట్టలేదు. ఏడాది మోసినదానికి అంత తక్కువ మాటలు సరిపోవడం నాకే సిగ్గనిపించింది. ఆవిడ లేచి చెప్పులు వేసుకుంది.

"పద" అంది.

"ఎక్కడికి?"

"మీ ఇంటికి."

రెండు మలుపులు తిరిగి మా గుమ్మం ఎక్కాం. పిన్ని బజారుకి వెళ్ళింది. బాబాయి కుర్చీలో ఉన్నాడు. ఏడాది తర్వాత ఆవిణ్ణి గుమ్మంలో చూసి లేచి నిలబడ్డాడు. తర్వాత నా ముఖం చూశాడు. ఇరవై అయిదేళ్ళలో ఆయన నన్ను కోపంగా చూడలేదు. అప్పుడు చూశాడు.

"ఆ టిక్కులు తనే పెట్టానంటోందిది. నిజమేనా?" అంది ల్యాబత్త.

బాబాయి నవ్వాడు. ఎంత తేలిగ్గా నవ్వాడంటే, నాకే ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

"దాని మాటలు పట్టుకొచ్చారా మీరు! నేనిలా కుర్చీకి అతుక్కుపోయానని చూళ్ళేక నెత్తిన వేసుకుంటోంది, పిచ్చిమొహం. టిక్కులు నేనే పెట్టా."

"బాబాయ్! ఏడోది అడిగి రాయమని చీటీ పెట్టావు కదా!"

"ఏ చీటీ? ఏదీ, చూపించు."

నేను చూపించలేను. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఫారం తెప్పించి చూసినా ఏమీ తేలదు. సంతకం ఎవరిదో చెప్పొచ్చు, టిక్కు ఎవరిదో ఎవరు చెబుతారు? ల్యాబత్త ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇద్దరిలో ఒకరు ఇప్పటికీ నాతో అబద్ధమే ఆడుతున్నారు" అని వెళ్ళిపోయింది.

ఆవిడ మలుపు తిరిగేదాకా ఆగి ఆయన మీద విరుచుకుపడ్డాను. ఎందుకు, ఇంకా ఎందుకు, నాకు ఊపిరాడటం లేదు బాబాయ్ అని అరిచాను. ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"నా మీద కోపంతో ఏడాది బతికింది, ఏ నష్టమూ రాలేదు. నీ మీద నమ్మకం పోతే రేపు ఆ ఫారం ఎవరి ముందు కూచుని నింపుతుంది? ఎవడో చివరి పేజీ తీసి సంతకం పెట్టించుకుపోతాడు. అప్పుడు నేనొదులుకున్నదంతా దేనికే?" అన్నాడు. మళ్ళీ తనే, "ఎన్ని ప్రశ్నలయ్యాయి?" అని అడిగాడు.

"ఆరు."

"రేపటితో గడువు. పొద్దున్నే వెళ్ళు. మిగతావి అడిగి రాయి."

వెళ్ళాను. ఆవిడ లోపలికి రానిచ్చింది, కూర్చోమంది, పాతిక ప్రశ్నలకీ జవాబులు చెప్పింది. అత్తా అంటే పలికింది గానీ ఒక్కసారి కూడా నా ముఖంలోకి చూడలేదు. బాబాయి గురించీ అడగలేదు.

ఆ మధ్యాహ్నమే కంపెనీకి ఉత్తరం రాశాను. జరిగిందంతా, పూసగుచ్చినట్టు. నా లైసెన్సు తీసేసుకోమని కూడా రాశాను. పది రోజులకి రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఏజెంటు రాతపూర్వకంగా అంగీకరించినందున ఆ ఫైలు ముగిసింది, మీ ఉత్తరాన్ని బలపరిచే ఆధారమేమీ మా వద్ద లేదు అని. ఆ జవాబు బాబాయికి చూపించాను. చదివి, మడిచి నా చేతికిచ్చి, "చూశావా?" అన్నాడు.

అడిగిన రోజున ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఎంత మొత్తుకున్నా కొనేవాడు లేడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ల్యాబు ఫారంలో ఇరవై మూడు టిక్కులూ నావి, ఏడోదానితో సహా. మా బాబాయి అడిగి రాయమన్నాడు, నేను అడగలేదు. ఇది చదివి ఎవరైనా వెళ్ళి ఆయన్ని అడిగితే నవ్వేసి కాదంటాడు. ఆయన మాట నమ్మకండి.